లింఫోమా తిరగబెడితే... దాత కోసం వెతకాలా?

సూరత్ మరమగ్గాలపై ఆధారపడి బతుకుతున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. లింబాయత్ వంటి ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వచ్చిన నేత కార్మికులు తరాలుగా స్థిరపడ్డారు. ఇలాంటి ఇంట్లో ఒకరికి లింఫోమా తగ్గినట్టే తగ్గి, మెడలో మళ్లీ బిళ్ల కడితే డాక్టర్లు ‘మూలకణ మార్పిడి’ అంటారు. ఆ మాట వినగానే రెండు భయాలు మొదలవుతాయి. ఎముకకు ఆపరేషన్ చేస్తారా? దాత దొరుకుతారా? తిరగబెట్టిన లింఫోమాలో చాలావరకు ఈ రెండూ అక్కర్లేదు.

లింఫోమా తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన లింఫోసైట్లలో పుట్టే క్యాన్సర్. తిరగబెట్టినప్పుడు ముందుగా వేరే మందులతో రెండు, మూడు విడతల కీమో ఇస్తారు. తర్వాత పెట్ స్కాన్ తీస్తారు. వ్యాధి ఈ కీమోకు లొంగితేనే మార్పిడి వల్ల మేలు ఎక్కువ.

మిగిలిన క్యాన్సర్ కణాలను చంపాలంటే కీమో మోతాదు బాగా పెంచాలి. ఆ మోతాదుకు ఎముక మజ్జ కూడా దెబ్బతింటుంది. అందుకే ముందుగానే ఇంజెక్షన్లతో మూలకణాలను రక్తంలోకి రప్పించి, యంత్రంతో వేరుచేసి, గడ్డకట్టించి దాస్తారు. భారీ కీమో పూర్తయ్యాక రక్తం ఎక్కించినట్టే వాటిని తిరిగి ఎక్కిస్తారు. సుమారు రెండు వారాల్లో కొత్త రక్తకణాలు కనిపిస్తాయి. ఇక్కడ క్యాన్సర్‌ను చంపేది మందు. రోగిని నిలబెట్టేది అతని సొంత కణాలే. అప్పటిదాకా ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువ. పిల్లలు కావాలనుకునేవారు వీర్యం, అండాలు భద్రపరచడం గురించి ముందే అడగాలి.

దీనికి బలమైన ఆధారం 1995లో వెలువడిన ‘పార్మా’ అధ్యయనం. కీమోకు లొంగిన 109 మందిని రెండు జట్లు చేస్తే, ఐదేళ్లకు వ్యాధి మళ్లీ రాకుండా బతికి ఉన్నవారు మార్పిడి జట్టులో 46 శాతం, మామూలు కీమో జట్టులో 12 శాతం. కీమోకు లొంగనివారికి, బి-కణ లింఫోమా ఏడాదిలోపే తిరగబెట్టినవారికి ఇప్పుడు కార్-టి చికిత్స ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ రూపొందించిన ‘నెక్స్‌కార్19’కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి లభించింది. ఖర్చు మాత్రం లక్షల్లోనే.

సూరత్ నుంచి అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలోని టాటా మెమోరియల్ రైల్లో కొన్ని గంటల దూరమే. దేశంలో తొలి ఎముక మజ్జ మార్పిడి 1983లో టాటాలోనే జరిగింది. స్కాన్ ఫలితం వచ్చేదాకా ఆగకుండా, రెండోసారి కీమో మొదలైనప్పుడే మార్పిడి కేంద్రానికి ఫైలు పంపమని డాక్టరును అడగాలి. వైద్య పథకం కార్డు ఏ రాష్ట్రంలో చెల్లుతుందో కూడా అప్పుడే తేల్చుకోవాలి. వ్యాధి లొంగి ఉన్న సమయం ఎక్కువకాలం నిలవదు.