శంఖపుష్పము

పెరడు లేని యింటివారు పూలతీగపై ఆశ వదలుకొన నక్కరలేదు. అడుగున చిల్లిగల పెద్దకుండ యొకటి, కిటికీ కమ్ములు, దినమునకు అయిదారు గంటల యెండ ఉన్నచో శంఖపుష్పము చక్కగా పెరుగును. దీనికి తెనుగున దింటెన యని పాతపేరు కలదు. సంస్కృతమున గిరికర్ణిక, అపరాజిత యందురు. నీలిపూలది, తెల్లపూలది అని రెండు రకములు మన యిండ్లలో కానవచ్చును. 1753లో లిన్నేయస్ దీనికి శాస్త్రనామ మొసగుచు, ఇండోనేషియాలోని టెర్నాటె ద్వీపము పేరును అందు చేర్చెను.

గింజ పెంకు మిక్కిలి గట్టిది. అట్లే మట్టిలో వేసినచో చాలదినములు మొలవకుండును. కావున గింజను గరుకురాతిపై ఒకవైపు మెల్లగా అరగదీసి, రాత్రియంతయు నీట నానవేయవలెను. ఉదయమునకు ఉబ్బినవానిని అర అంగుళము లోతున నాటవలెను. ఉబ్బనివానిని మరల రుద్ది నానవేయవచ్చును. తీగ జానెడు కాగానే కమ్మికి దారము కట్టి దారి చూపుడు. దీనికి నులితీగలు లేవు. కాండమే ఆధారమును చుట్టుకొని పైకి పోవును.

“మా తీగ పచ్చగా అల్లుకొన్నది గాని, ఒక్క పువ్వైనను పూయదు” అని పలువురు వాపోవుదురు. తీగ నీడలో నున్నదేమో మొదట చూడవలెను. ఎండ తగినంత యున్నచో దోషము చాలవరకు ఎరువుదే. శంఖపుష్పము కంది, చిక్కుడు, వేరుసెనగల కుటుంబములోనిది. దీని వేళ్లపై చిన్న బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చి యిచ్చును; మొక్క వానికి చక్కెర నిచ్చును. ఇట్టి మొక్కకు యూరియా వేయుట కడుపు నిండిన బిడ్డకు మరల అన్నము కుక్కుటయే. ఆకు బలియును, పూత వెనుకబడును, బుడిపెలును తగ్గిపోవును. నాటునాడు మట్టిలో కలిపిన రెండు దోసిళ్ల చివికిన పశువుల ఎరువు చాలును. ముదిరిన మొక్కను తీసివేయునపుడు ఒక బుడిపెను కోసి చూడుడు. లోపల గులాబివన్నె కనబడినచో అది పనిచేయుచున్నదని గుర్తు.

నీటి విషయమునను ఈ మితమే కావలెను. పైమట్టి ఆరినదని వ్రేలితో తెలిసికొనిన పిమ్మటనే పోయవలెను. నీరు నిలిచిన వేళ్లు కుళ్లును. ఇంటిలోని పొడిగాలికి ఆకుల అడుగున ఎర్రనల్లి చేరి, ఆకులపై తెల్లని చుక్కలు పడును. ఆకు అడుగుభాగమును నీటితో కడుగుచుండిన అది అణగును.

చిక్కుడుపువ్వును దీని ప్రక్కన నుంచి పోల్చుడు. చిక్కుడులో పెద్దరేకు వెనుక నిలిచియుండును. శంఖపుష్పము తలక్రిందైన పువ్వు. పెద్దరేకు క్రింద పరచుకొని యుండగా, కేసరములు పైభాగమున నుండును. అందుచే రేకుపై వ్రాలిన తేనెటీగ వీపునకు పుప్పొడి అంటును. విచ్చిన పువ్వు ఆయుర్దాయ మొక్కదినము.

అయిదారు పువ్వులను వేడినీట వేసిన నీరు నీలమగును. దానిలో నిమ్మరసము పిండిన ఊదావన్నె, సున్నపుతేట పోసిన ఆకుపచ్చ వన్నె వచ్చును. ప్రయోగశాలలోని లిట్మస్ వలెనే ఇదియు ఆమ్లక్షారములను తెలుపును. మలేషియాలోని కెలంతాన్ వారు ఈ పూలతో అన్నమునకు నీలివన్నె కట్టుదురు. గింజలను మాత్రము నోట వేసికొనరాదు, అవి విరేచనకారులు.

కాయలు ముదురుచున్నకొలది పూత తగ్గును. కావున లేతకాయలను త్రుంచివేసి, విత్తనమునకు రెండు మూడు మాత్రము వదలవలెను. బాగుగా ఎండిన కాయ మెలితిరిగి పగిలి గింజలను చిమ్మివేయును; గోధుమవన్నె రాగానే కోసి కాగితపు పొట్లములో దాచుడు.