అగ్గి తెగులు ఆకులో చొరబడు విధము

వరి ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు కనబడగానే రైతు అగ్గి తెగులును గుర్తించును. వెన్ను మెడకు సోకినచో మెడ విరిగి గింజ తాలుపోవును. దీనికి కారణమైన శిలీంధ్రము ఆకులోనికి ఎట్లు చొరబడుచున్నది?

దాని సిద్ధబీజము తడి ఆకుపై పడి, జిగురుతో అంటుకొని మొలకెత్తును. తాకిన తలము గట్టిదై, నీరంటనిదైనచో ఆ వార్త కణములోనికి పోవును. (ప్లాస్టిక్ రేకును తాకినను మొలక ఆకనియే భ్రమపడును!) వార్తను మోయునవి కైనేజులను ఎంజైములు. నిద్రించువారిని ఒకరి తరువాత ఒకరు తట్టి లేపినట్లు, ఒక కైనేజు ఫాస్ఫేటును తగిలించి మరొకదానిని మేల్కొల్పును. ఈ వరుసలో చివరిది పి.ఎం.కె.-1. అది మేల్కొన్న పిమ్మట మొలక కొన ఉబ్బి గుబ్బయగును. గుబ్బ గోడకు మెలనిన్ అను నల్లని పూత ఏర్పడును. లోపల గ్లిసరాల్ పేరుకొని నీటిని లాగుకొనును. ఒత్తిడి దాదాపు 80 వాతావరణములకు చేరును! అప్పుడు అడుగునుండి సన్నని మేకు వెలువడి ఆకును తొలుచును.

1996లో పరిశోధకులు ఈ కైనేజు జన్యువును తొలగించి చూచిరి. శిలీంధ్రము బాగుగనే పెరిగినది, తలమును గుర్తించినది, కాని గుబ్బ కట్టలేదు. విచిత్రమేమనగా, ఆకును గాయపరచి లోనికి పంపినను తెగులు రాలేదు. ఒక కణమునుండి ప్రక్క కణములోనికి సూక్ష్మరంధ్రముల గుండా దూరుటకును ఈ ఎంజైమే కావలెనని 2018లో తేలినది. దానిని ఆపగనే శిలీంధ్రము తొలి కణములోనే చిక్కుకొన్నది.

ట్రైసైక్లజోల్ అను మందు మెలనిన్ తయారీని అడ్డగించును. పూత లేని గుబ్బ ఒత్తిడిని నిలుపుకొనలేదు. కైనేజునే ఆపుట ఇంకను మేలు. కాని ఆ కుటుంబపు ఎంజైములు వరిలోను, మనిషిలోను కూడ కలవు. వానిని వదలి శిలీంధ్రపు కైనేజును మాత్రమే పట్టుకొను మందు కావలెను.