కుప్ప పోసిన వెండి

విశాఖ చేపల రేవులో తెల్లారకముందే పాట మొదలవుతుంది. వంజరం, చందువా, టైగర్ రొయ్య దిగాయంటే ఎగుమతి కంపెనీల మనుషులూ హోటళ్ళవాళ్ళూ చుట్టూ మూగి ధర పెంచుకుంటూ పోతారు. ఆ సందడికి కాస్త ఎడంగా, తడి గచ్చు మీద కారలు కుప్పపోసి ఉంటాయి. అరచేతిలో నాలుగైదు పట్టేంత పలచటి చేప, ఒళ్ళంతా వెండి. పక్కనే నెత్తళ్ళు, కవళ్ళు. ఇక్కడ బేరమాడేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే.

1976 నుంచి నడుస్తున్న ఈ రేవు 2023 నవంబరు 19 రాత్రి పెద్ద వార్త అయింది. లంగరేసిన పడవలు వరసగా అంటుకుని నలభై దాకా దెబ్బతిన్నాయి. పడవ కాలితే నష్టం లక్షల్లో లెక్క తేలుతుంది. ఆ పడవ తెచ్చే చిన్నచేప మీద బతికే ఆడమనిషి నష్టానికి లెక్క కట్టడం అంత తేలిక కాదు. ఈ రేవు గురించి రాసేటప్పుడు మరబోట్ల దగ్గర ఆగిపోవడం మనకు అలవాటు. నన్నడిగితే ఇక్కడి అసలు వ్యాపారం ఆ కుప్పల దగ్గరే ఉంది.

కార ఒంటికి జిగురెక్కువ, ఎక్కువసేపు నిలవ ఉండదు. పచ్చిగా అమ్ముడుపోనిది ఎండాల్సిందే. పలచటి ఒళ్ళు కాబట్టి ఎండ బాగా కాస్తే తొందరగానే గలగలలాడుతుంది. మబ్బు పడితే మాత్రం పెట్టుబడి అంతా పురుగుపాలు. ఇసుకలో కాకుండా నేలకు ఎత్తుగా వల పరిచిన మంచెల మీద ఆరబెట్టమని మత్స్య సాంకేతిక శాస్త్రవేత్తలు చెబుతుంటారు. మంచె ఖర్చెవరిది, అది వేసుకునే జాగా ఎవరిదన్నది వేరే సంగతి. ఎండినవి మూటలై పాడేరు, అరకు సంతలకెక్కుతాయి. సముద్రం మొహం చూడని ఇళ్ళలోనూ వంకాయ కూరకు, చింతచిగురుకు జత ఈ ఎండుచేపలే.

ఈ బుల్లి చేపల్ని చిన్నచూపు చూడని దొర ఒకడుండేవాడు. పేట్రిక్ రస్సెల్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తమ్ముడు క్లాడ్‌తో కలిసి 1782లో విశాఖ వచ్చాడు. రక్తపింజరికి ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న పేరులో ఉన్నది ఈయనే. ఈ ఊళ్ళో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలూ వివరాలూ 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలో చాలా చేపలకు ఇక్కడి జాలర్లు చెప్పిన పేర్లే వేశాడు. కారలూ ఆ పుస్తకానికెక్కాయి.

కార లోపల ఏముందో మాత్రం ఆ కాలానికి అందలేదు. దాని అన్నవాహిక చుట్టూ ఒక చిన్న అవయవం ఉంటుంది, అందులో వెలుగునిచ్చే బాక్టీరియా కాపురం. ఆ వెలుగు వెండిపూత ఉన్న గాలితిత్తికి తగిలి, మసకగా పారదర్శకమైన పొట్ట గుండా కిందికి పరుచుకుంటుంది. వెనక అద్దం బిగించిన లాంతరన్నమాట. దేనికంటే, లోతులో ఉన్న పెద్దచేప పైకి చూసినప్పుడు వెలుతురుకు అడ్డంగా ఏ నీడ కదిలినా అది తిండే. పొట్ట వెలిగితే ఆ నీడ చెరిగిపోతుంది. పక్కలనుంచి చూసే శత్రువుకు పొలుసుల్లోని గ్వానిన్ పలుకులు చుట్టూ ఉన్న నీటి రంగునే తిప్పి చూపిస్తాయి. చాలా జాతుల్లో మగదాని దీపం ఆడదానికంటే పెద్దది. జత కోసం మిణుకుమిణుకుమని సైగలూ చేస్తుంది. ఇంత ఏర్పాటున్న జీవిని మనం తట్టల లెక్కన అమ్ముకుంటున్నాం.

ఇప్పుడు ఆ తట్టకు కొత్త బేరగాడొచ్చాడు. చేపలపొడి ఫ్యాక్టరీలకు కారలూ కవళ్ళూ ఎన్నయినా కావాలి, తాజావా కాదా అన్న పట్టింపు తక్కువ. ఆ పొడి మేతగా మారి రొయ్యల చెరువుల్లోకి పోతుంది, ఆ రొయ్య అమెరికాకు ఓడెక్కుతుంది. లారీతో వచ్చిన వాడితో తట్టతో వచ్చిన ఆమె ధరలో పోటీ పడలేదు. పేదింటి కంచంలోకి రావలసిన చేపను రొయ్యకు మేపడం నాకు మింగుడుపడని లెక్క.

గుంపుగా తిరిగే చేప కాబట్టి చుట్టేయడమూ సులువే. 2022 జనవరిలో రింగు వలల మీద విశాఖ జాలరిపేటల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. ఒకే సముద్రం, ఒకే కులం. వల సైజు దగ్గర చీలిపోయారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం ఉంది. చేప పెరగడానికి ఆ 61 రోజులు దొరుకుతాయి గానీ, గుడ్డు పెట్టే ఈడు రాని పిల్లను ఆ తర్వాత కాపాడేది వల కన్ను వెడల్పే.

ఈ ఆదివారం వంజరం ధర చూసి బజారు నుంచి ఉత్త చేతులతో రాకండి. గంప ముందు కూర్చున్న ఆమెను నెత్తళ్ళున్నాయా, కారలున్నాయా అని అడగండి. ఎండువైతే తల గిల్లి, వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వండుకోండి. నెత్తళ్ళకు ముల్లు తీయొద్దు, కాల్షియం అందులోనే ఉంది.