ఊరి శివారులో రిటైల్ పార్కు వస్తోందా? ధర మాట్లాడే ముందు నీటి దారి చూసుకోండి

పట్టణం అంచున పెద్ద పెద్ద దుకాణాలు, వాటి ముందు ఎకరాల కొద్దీ కార్ల పార్కింగ్, అంతా ఒకే ప్రహరీలో ఉండే సముదాయాన్ని రిటైల్ పార్కు అంటున్నారు. అలాంటిది రాబోతోందన్న కబురు ముందుగా టీ కొట్టు దగ్గర పుడుతుంది. ఆ వెంటనే ఎకరం ఎంత పలుకుతుందన్న మాట తప్ప ఇంకో మాట వినిపించదు. రైతులు నన్ను అడిగేది కూడా అదే. ధర గురించి నేను చెప్పగలిగింది తక్కువ. ఆ కట్టడం పక్కన, దానికి పల్లంలో సాగు చేసుకునే రైతు ఏం చూసుకోవాలో మాత్రం చెప్పగలను. అమ్మే రైతులకూ కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఇందులోని భవన నిర్మాణ నియమాలు తెలంగాణకు సంబంధించినవి.

నేను పనిచేసిన ఒక మండలంలో అన్నదమ్ములకు పక్కపక్కనే భూములుండేవి. రోడ్డు వైపున్న ఎగువ భూమిని అన్న ఒక వ్యాపార సముదాయానికి అమ్మాడు. దిగువన తమ్ముడు మిర్చి వేసేవాడు. కొన్నవాళ్లు స్థలాన్ని నాలుగడుగుల ఎత్తున మట్టితో నింపి, పాత మురుగు కాలువ ఉన్నచోట ఒక చిన్న పైపు వేసి పైన సిమెంటు పరిచారు. మొదటి పెద్ద వానకే తమ్ముడి చేనులో రెండు రోజులు నీళ్లు నిలిచి మొక్కలు వడలిపోయాయి. అడగబోతే, ఇక్కడ కాలువ ఉన్నట్టు మీ అన్న రాసిచ్చిన దస్తావేజులో ఎక్కడుంది అన్నారు. నిజంగానే లేదు. అన్న అమ్మే రోజున ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంటి మనిషి భూమిలోంచి పోయే నీటికి కాగితమెందుకని అనుకున్నారు.

నీటి లెక్క

ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40 వేల లీటర్ల నీరు. చేనుగా ఉన్నప్పుడు అందులో చాలా భాగం నేలలో ఇంకుతుంది, మిగిలింది గట్ల మధ్య ఆగి మెల్లగా కదులుతుంది. అదే 20 ఎకరాలు రేకుల కప్పు, తారు, సిమెంటుగా మారితే 5 సెంటీమీటర్ల వానకు 40 లక్షల లీటర్ల నీరు పడుతుంది. అందులో దాదాపు అంతా గంటల వ్యవధిలో ఒకటి రెండు చోట్ల నుంచి బయటికి వస్తుంది. ఆ నీరు ఎవరి చేనులోంచి, ఏ కాలువలోంచి పోతుందన్నదే మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న చెరువుది. ఆ భూమి మీదుగా చెరువులోకి పారే వాగు మూసుకుపోతే, సముదాయానికి కిలోమీటరు దూరంలో ఉన్న ఆయకట్టు రైతుకు కూడా నష్టమే. అతనికి ఈ కబురు తెలిసి ఉండకపోవచ్చు. చెప్పండి.

అందుకని ఎవరూ సంతకం పెట్టకముందే గ్రామ నక్ష, సర్వే నంబర్ల టిప్పన్ నకళ్లు తీసుకోండి. బండి దారి, పంట కాలువ, మురుగు కాలువ వాటిలో ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. నక్షలో లేకున్నా మీరు వాడుతున్న దారి, కాలువ ఉంటే తేదీ కనిపించేలా ఫొటోలు తీసి ఉంచండి. వానాకాలంలో నీరు పారుతున్నప్పుడు తీసిన ఫొటో ఎక్కువ పనికొస్తుంది. 20 ఏళ్లకు పైగా అడ్డంకి లేకుండా, హక్కుగా వాడుకుంటున్న దారికీ నీటి పారుదలకూ చట్టంలో రక్షణ ఉంది. దాన్ని ఈజ్‌మెంట్ హక్కు అంటారు. కానీ ఆ వాడకాన్ని రుజువు చేసుకోవాల్సింది మీరే, అదీ కోర్టులో. దానికంటే పక్క రైతు అమ్మేటప్పుడే దారి, కాలువ ఇంత వెడల్పున కొనసాగుతాయని హద్దులతో సహా అమ్మకపు దస్తావేజులో రాయించుకోవడం తేలిక. అమ్మేవాడికి దానివల్ల పోయేదేమీ ఉండదు. అప్పటికి మాట కలిసే ఉంటుంది కాబట్టి అడగడం కూడా సులువు.

2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువుల పూర్తి నీటి మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాలువ అయితే 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పున్న వాటికి 2 మీటర్లు. కొలత టేపు మీ దగ్గర కూడా ఉండాలి.

అభ్యంతరం ఎప్పుడు చెప్పాలి

పునాదులు తవ్వాక కాదు. మాస్టర్ ప్లాన్‌లో వ్యవసాయ జోన్‌గా ఉన్న భూమిని వాణిజ్య జోన్‌గా మార్చాలంటే ముందుగా ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరతారు. గడువు చాలాసార్లు 15 రోజులే. ప్రకటన పత్రికలో ఒక మూల చిన్న అక్షరాల్లో వస్తుంది కాబట్టి మున్సిపల్ కార్యాలయంలో పట్టణ ప్రణాళిక విభాగాన్ని అడుగుతూ ఉండటం మంచిది.

2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది గుర్తుండే ఉంటుంది. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ సాగు భూములను పారిశ్రామిక జోన్‌లో చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు రోడ్డెక్కారు. ఆ నెలలోనే పురపాలక పాలకవర్గం ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. అది ఇంకా ముసాయిదాగా ఉన్నందువల్లే ఒక తీర్మానంతో పని జరిగింది.

కట్టడం విస్తీర్ణం 20 వేల చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి కూడా కావాలి. ఆ దరఖాస్తులో నీరు ఎక్కడి నుంచి తెస్తారు, వాన నీరు, మురుగు నీరు ఎటు పంపుతారు అన్నవి చెప్పాల్సిందే. ఆ కాగితం సంపాదించి మీ నక్ష పక్కన పెట్టి చూడండి. అభ్యంతరం రాసేటప్పుడు "మాకు నష్టం" అని ఊరుకోకుండా సర్వే నంబరు, కాలువ వెడల్పు, ఎన్ని ఎకరాలకు నీరు పారుతుందో రాయండి. రాయించి, ముద్ర వేసిన రశీదు తీసుకోండి.

అమ్మాలనుకునే రైతులకు

"మీరు అమ్మకపోతే ప్రభుత్వం ఎలాగూ సేకరిస్తుంది" అని బ్రోకర్లు భయపెడతారు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం సేకరించాలన్నా ప్రజా ప్రయోజనం ఉండాలి, నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం సమ్మతించాలి. దుకాణాల కోసం అలా సేకరిస్తారని తొందరపడి సంతకం చేయనక్కర్లేదు.

ఇంకో ఒత్తిడి, భూమిని ముందు మీ పేరుతోనే నాలా మార్పిడి చేయించమనడం. చేయకండి. బేరం చెడితే అటు సాగు పథకాల సాయం, పంట రుణం పోతాయి, ఇటు భూమి అమ్ముడుపోదు. పన్ను విషయంలోనూ చిక్కే. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభాల పన్ను ఉండదు. మార్పిడి చేశాక అది వ్యవసాయ భూమేనని వాదించడం కష్టం. గ్రామీణం అంటే ఏమిటన్నదానికీ లెక్కుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష వరకు ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, 10 లక్షల వరకు 6, ఆపైన 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. దూరం రోడ్డు మీద కాదు, తిన్నగా కొలుస్తారు. శివారు భూముల్లో చాలా వరకు ఈ లెక్కలో పట్టణ భూములే అవుతాయి. అలాంటప్పుడు అమ్మకానికి ముందు రెండేళ్లు మీరు గానీ తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉంటే, రెండేళ్లలోగా వేరే సాగు భూమి కొన్నంత మేరకు పన్ను మినహాయింపు దొరుకుతుంది. రిటర్ను గడువులోగా కొనలేకపోతే ఆ డబ్బును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేయాలి. మామూలు సేవింగ్స్‌లో పెడితే చెల్లదు.

స్థిరాస్తి సొమ్ము 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు, అదీ తీసుకున్న వ్యక్తికి. బయానా తీసుకుని ఏళ్ల తరబడి ఇరుక్కున్న రైతులను చూశాను. మిగతా సొమ్ముకు తేదీ, ఆ తేదీ దాటితే ఏమవుతుందో అగ్రిమెంటులో ఉండాలి. పూర్తి సొమ్ము చేతికి రాకుండా పాసు పుస్తకం ఇవ్వడం, జీపీఏ రాయడం, భూమి అప్పగించడం వద్దు. కౌలుదారు ఉంటే కోత దాకా గడువు పెట్టించండి. ప్రైవేటు అమ్మకంలో కౌలు రైతుకు మీరు ఇప్పించిందే తప్ప వేరే దిక్కులేదు.

పక్కన సాగు కొనసాగించేవారికి

ప్రహరీ వెంట మీ హద్దులో లోతైన మురుగు కాలువ తీసుకోండి. మిర్చి, పసుపు, కూరగాయలను ఎత్తు మళ్ల మీదే వేయండి. పసుపులో నీరు నిలిస్తే దుంపకుళ్లు తప్పదు. నిర్మాణం సాగినన్నాళ్లు దుమ్ము పట్టిన ఆకుల మీద నల్లి ఎక్కువవుతుంది, హద్దు సాళ్లను వారం వారం చూడండి. రోడ్డు మీద నీళ్లు చల్లించమని కాంట్రాక్టరును అడగవచ్చు.

చాలామందికి తెలియనిది దీపాల సంగతి. సోయాచిక్కుడు పూతకు రావాలంటే పొడవైన చీకటి కావాలి. రాత్రంతా ఫ్లడ్ లైట్లు పడే సాళ్లు పూత ఆలస్యమై, మిగతా చేను ఎండినా పచ్చగానే నిలబడతాయి. కోతలో అవి తలనొప్పి. దీపాలను కిందికి వంచి మూత పెట్టించమనండి. వాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు.

పక్కనే సూపర్‌మార్కెట్ వస్తే మన కూరగాయలు అక్కడే కొంటారని ఆశ పడేవారున్నారు. కొనవచ్చు. కానీ సైజు, రంగు చూసి ఏరుకున్నదే తీసుకుంటారు, అదీ ఆ రోజు ఇండెంటు ఉన్నంతే. మిగిలిన సరుకు మీదే. దాన్ని అమ్ముకోవడానికి రైతుబజారు గుర్తింపు కార్డును, మార్కెట్ యార్డులో ఉన్న పరిచయాలను వదులుకోకండి.