కొలొనోస్కోపీ అంటే హడలిపోతున్నారా?

విజయవాడ సూర్యారావుపేటలో కడుపు, పేగుల డాక్టర్ల దగ్గరికి గుడివాడ నుంచీ, అవనిగడ్డ నుంచీ, బందరు నుంచీ పొద్దున్నే బస్సెక్కి వచ్చే ఆడవాళ్ళు ఎందరో. డాక్టరుగారు చూసి "కొలొనోస్కోపీ చేయించండమ్మా" అని చీటీ రాసిస్తారు. ఆ చీటీ మడిచి పర్సులో పెట్టుకుని "వచ్చే వారం వస్తామండీ" అని వెళ్ళిన వాళ్ళలో కొందరు మళ్ళీ రారు. ఎందుకు రారో మనకు తెలియనిదేముంది? ఒకటి సిగ్గు. రెండోది, పక్కింటావిడ చెప్పిన నొప్పి కథ. అందులోనూ మత్తు లేకుండా చేస్తారని వింటే ఇక కాళ్ళాడవు.

వంటల పుస్తకంలో ఈ గొడవేమిటని ముఖం చిట్లించకండి. ఈ పరీక్ష సుఖంగా జరగడమన్నది సగం మీ వంటింట్లోనే తేలుతుంది.

విరేచనంలో రక్తం కనిపిస్తే మొలలే అనుకోవడం మనకి అలవాటు. "ఆపరేషన్ లేకుండా మొలలు మాయం" అనే బోర్డులు మన ఊళ్ళలో కొత్త కాదు. మొలలే కావచ్చు, కాదనను. కానీ పెద్దపేగు లోపలి గోడకి పులిపిరి కాయల్లా పెరిగే పాలిప్స్ నుంచి కూడా రక్తం పడుతుంది. వాటిలో కొన్ని ఏళ్ళ మీద కాన్సరుగా మారతాయి. ముందే కనిపెడితే పరీక్ష చేస్తూనే చాలావాటిని తీసేస్తారు. అలాగే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువని తేలింది. ఇంతమందికి ఉన్నదే కదా అని, నెలసరి మీదికి నెట్టేసి ఊరుకుంటాం. ముట్లుడిగిన తరవాత కూడా రక్తం తగ్గిపోతుంటే మాత్రం అది పేగులోంచి పోతోందేమో చూడాల్సిందే.

సరే, నొప్పి సంగతికి వద్దాం. ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు ఏం చేస్తారు? బొందు చివర పిన్నీసు పెట్టి, నేఫాలోకి కొంచెం తోసి, గుడ్డని వెనక్కి కుచ్చుగా లాగుతారు. మళ్ళీ తోస్తారు, మళ్ళీ లాగుతారు. కొలొనోస్కోపీ అచ్చంగా ఇదే. పెద్దపేగు పొడవు సుమారు ఐదడుగులు. చిటికెనవేలంత లావు, మెత్తగా వంగే గొట్టాన్ని లోపలికి పంపి, పేగుని దాని మీదకి కుచ్చుగా సర్దుకుంటూ వెళతారు. సర్దకుండా ఊరికే తోస్తే గొట్టం లోపల ఉచ్చులా చుట్టుకుని పేగుని సాగదీస్తుంది. నొప్పి ఆ సాగడం వల్లే. పేగు లోపలి పొరకి కోత తెలియదు. పాలిప్ తీసినా, పరీక్షకి ముక్క తీసినా మీకు తెలియను కూడా తెలియదు.

మరి మగవాళ్ళకంటే మనకే ఎందుకు ఎక్కువ ఇబ్బంది? మనం సుకుమారులమనీ, ఓర్పు లేదనీ కాదు. మనిషి పొట్టిగా ఉన్నా ఆడవాళ్ళ పెద్దపేగు సాధారణంగా మగవాళ్ళ పేగు కంటే పొడవుగానే ఉంటుంది. పొత్తికడుపు గూడు లోతుగా, వెడల్పుగా ఉండటంతో పేగు అందులోకి దిగి మెలికలు తిరుగుతుంది. దీనికి తోడు ఆపరేషన్లు. గర్భసంచి తీసేసినా, సిజేరియన్ అయినా లోపల పేగులు అక్కడక్కడా అతుక్కుపోవచ్చు. అతుక్కున్న పేగు సర్దితే సర్దుకోదు, నొప్పి పెడుతుంది. ఆ సర్వేలోనే ఇంకో లెక్క ఉంది: 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది! నలభై ఏళ్ళు నిండకుండానే తీయించుకున్నవాళ్ళు మన చుట్టాల్లోనే ఉంటారు. పాతికేళ్ళ కిందటి ఆపరేషనైనా సరే, డాక్టరు అడగలేదు కదా అని ఊరుకోకుండా మీరే చెప్పండి. పాత కాగితాలుంటే పట్టుకెళ్ళండి.

మొహమాటపడకుండా అడగవలసినవీ కొన్ని ఉన్నాయి. దారి కనపడటానికి పేగులోకి గాలి ఊది ఉబ్బిస్తారు. మామూలు గాలి బదులు కార్బన్ డయాక్సైడు వాడితే అది త్వరగా రక్తంలో కలిసి ఊపిరితో బయటికి పోతుంది. తరవాత ఉబ్బరం, పోట్లు బాగా తగ్గుతాయి. ఇంకో పద్ధతి, గాలి ఊదకుండా నీళ్ళు పట్టిస్తూ లోపలికి వెళ్ళడం. అమెరికాలో కాలిఫోర్నియాలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో డాక్టర్ ఫెలిక్స్ లియుంగ్, మత్తు లేకుండా పరీక్ష చేయించుకునేవాళ్ళ కోసమే ఈ నీళ్ళ పద్ధతి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. పేగు ఉబ్బదు, నీటి బరువుకి మెలికలు కాస్త సర్దుకుంటాయి, నొప్పి తగ్గుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకీ, పొత్తికడుపు ఆపరేషన్లు అయినవాళ్ళకీ పిల్లలకు వాడే సన్న గొట్టం కూడా పనికొస్తుంది. ఇవన్నీ ప్రతిచోటా ఉండవు. "మీ దగ్గర ఏమున్నాయండీ?" అని అడిగితే తప్పేం లేదు. చీరకొట్లో నలభై చీరలు తీయించేవాళ్ళం, ఇక్కడ నాలుగు ప్రశ్నలు అడగలేమా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: "మధ్యలో తట్టుకోలేకపోతే మత్తు ఇస్తారా?" నార్వేలాంటి దేశాల్లో చాలామందికి మత్తు లేకుండానే మొదలుపెట్టి, కావాలన్నప్పుడు ఇస్తారు. దానికి చేతికి సూది ముందే పెట్టి ఉంచాలి, మత్తిచ్చే ఏర్పాటు ఉండాలి. మీవెంట ఒకరు రావాలి కూడా. మత్తు లేకపోతే ఖర్చు తగ్గుతుంది, లేచి బట్టలు మార్చుకుని సాయంత్రం బస్సుకే ఇల్లు చేరొచ్చు. మత్తు తీసుకుంటే ఆ రోజంతా ఒంటరిగా ఉండకూడదు, బండి నడపకూడదు. కానీ పెద్ద ఆపరేషన్లు అయినవాళ్ళు, ఇంతకు ముందు ఈ పరీక్షలో బాగా బాధపడ్డవాళ్ళు మొదటే మత్తు అడగడం మంచిది. నాలుగు డబ్బులు మిగుల్తాయని ఇంట్లోవాళ్ళు అన్నారని పళ్ళ బిగువున పడుకోవద్దు.

ఇక మన వంటింటి పని. పేగు శుభ్రంగా ఉంటే పరీక్ష త్వరగా అవుతుంది, గాలీ తోపుడూ తగ్గుతాయి. రెండు మూడు రోజుల ముందు నుంచే పీచు, గింజలు మానాలి. అంటే గోంగూర, తోటకూర, ములక్కాడ, వంకాయ, టమాటా, జామకాయ, నువ్వులు అన్నీ బంద్. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, తొక్కతీసిన బంగాళాదుంప తినొచ్చు. కృష్ణా జిల్లా ఇల్లాలికి మూడు రోజులు గోంగూర లేకుండా గడవడం కష్టమే, ఏం చేస్తాం! ముందు రోజు మాత్రం వాళ్ళు చెప్పిన వేళ నుంచి పలచటి ద్రవాలే: కొబ్బరినీళ్ళు, వడకట్టిన బార్లీ నీళ్ళు, పాలు లేని టీ. ఎర్రరంగు షర్బత్‌లు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. ఐరన్ మాత్రలు పేగుని నల్లగా చేస్తాయి కాబట్టి ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. షుగరు, రక్తం పలచబరిచే మాత్రల సంగతి డాక్టరుదే. సొంతంగా మానొద్దు.

విరేచనాల పొడి కలిపిన నీళ్ళు తాగడమే అసలు పరీక్ష అంటారు చాలామంది. నిజమే, ఉప్పగా, వెగటుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచి, స్ట్రాతో తాగితే కొంత నయం. వడకట్టిన నిమ్మరసం నాలుగు చుక్కలు వేసుకోవచ్చేమో అడగండి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య ఇంట్లోనే అటూ ఇటూ తిరగండి. మాటిమాటికీ కడుక్కుని మంట పుడుతుంది కనుక మొదటి విడతకి ముందే వాజ్‌లైనో, కొబ్బరినూనో రాసుకోండి. మందు సగం రాత్రి, సగం పొద్దున తాగమంటే నాగాయలంక నుంచి వచ్చేవాళ్ళకి పెద్ద చిక్కు. బస్సులో ఎలా కూర్చుంటారు? ముందు రోజే వచ్చి పటమటలోనో, సత్యనారాయణపురంలోనో చుట్టాలింట్లో దిగండి. లేదా మధ్యాహ్నం వేళ పరీక్ష పెట్టించుకోండి.

పరీక్ష గదిలో వెనక తెరిచి ఉండే గౌను ఇస్తారు. పైన దుప్పటి కప్పమనండి. నర్సు ఆడమనిషి ఉండాలని ముందే చెబితే చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. నెలసరి వచ్చినా పరీక్షకి అడ్డు లేదు, నర్సుకో మాట చెప్పండి. కడుపుతో ఉన్నామేమోనని అనుమానం ఉంటే మాత్రం ముందే తప్పకుండా చెప్పాలి.

ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకోబెడతారు. మెల్లగా, పొడుగ్గా ఊపిరి తీసి వదులుతూ ఉండండి. పొట్ట బిగబట్టారా, నొప్పి రెట్టింపు. మధ్యలో వెల్లకిలా తిరగమంటారు, నర్సు పొట్ట మీద చేత్తో నొక్కుతుంది. అవి ఉచ్చు పడకుండా చేసే పనులే, కంగారుపడకండి. మెలకువగా ఉండటంలో లాభం ఇదే, చెప్పగానే తిరగగలరు. అన్నిటికంటే మనవాళ్ళు పాడుచేసుకునేది ఒకటుంది: గ్యాస్ బిగబట్టడం. నలుగురి ముందూ ఎలా వదలడమని బిగబట్టి నొప్పి కొని తెచ్చుకుంటారు. అది డాక్టరు ఊదిన గాలేనమ్మా, మీ పెంపకానికి మచ్చేమీ రాదు! వదిలేయండి. నొప్పి ఎక్కువైతే "ఆగండి" అనండి. మాట రాకపోతే చెయ్యి ఎత్తుతానని ముందే చెప్పుకోండి. డాక్టరు ఆగి, గొట్టం కాస్త వెనక్కి లాగి, గాలి తీసేస్తే ఆ పోటు చాలామటుకు తగ్గిపోతుంది. మొత్తం అరగంటలోపు పని. అందులోనూ కష్టమైనది లోపలికి వెళ్ళే భాగమే, వెనక్కి వచ్చేటప్పుడు అంతగా తెలియదు.

అయ్యాక వరండాలో నాలుగడుగులు నడవండి, గాలి పోతుంది. ఆకలి దంచేస్తుంది కానీ పులిహోర మీద పడకుండా, ఆ పూటకి పెసరకట్టు అన్నమో, పెరుగన్నమో తినండి. కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పడుతున్నా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. అందుకే వాళ్ళ రాత్రి ఫోన్ నంబరు రాయించుకోండి. ముక్క తీసి పరీక్షకి పంపితే ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. దానికోసం మళ్ళీ బస్సెక్కి రావాలా, ఫోన్‌లో చెబుతారా అన్నది కూడా బయల్దేరే ముందే కనుక్కోండి.