ఊరి చరిత్రలో వాడ ఎక్కడ?

రామారెడ్డికి కొత్తవారు ఎవరైనా వస్తే ముందుగా చూపించేది కాలభైరవస్వామి ఆలయాన్ని. చరిత్ర మీద మరికాస్త ఆసక్తి ఉన్నవారికి దోమకొండ గడి గురించి చెబుతారు, జుక్కల్ వైపున్న కౌలాస్ కోటకు దారి చూపుతారు. గుడి, గడి, కోట: ఈ మూడింటితో మన ప్రాంత వారసత్వ జాబితా పూర్తయిపోతుంది. ఆ గుడి ఉత్సవానికి డప్పు కొట్టినవాడు, ఆ గడి వాకిట్లో వెట్టి చేసినవాడు, ఆ కోట గోడకు రాళ్లు మోసినవాడు ఆ జాబితాలో ఎక్కడా కనిపించరు. వారసత్వం అనే మాటకు మనం ఇచ్చుకున్న అర్థంలోనే వారికి చోటు లేకుండా పోయింది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. రామారెడ్డి కూడా మండల కేంద్రమైంది. కొత్త పరిపాలనా సరిహద్దులు వచ్చినప్పుడు కొత్త చరిత్రల అవసరం కూడా పుడుతుంది. తెలంగాణ సాహిత్య అకాడమీ డిగ్రీ విద్యార్థుల చేత 'మన ఊరు - మన చరిత్ర' రాయించే పనికి పూనుకున్నది అందుకే. స్థానిక చరిత్రకారులు గుట్టలెక్కి శాసనాలు వెతుకుతున్నారు. ఇదంతా అభినందించవలసిన కృషి. అయితే జిల్లా చరిత్ర ఇంకా పచ్చిగోడ మీద ఉన్నప్పుడే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ చరిత్రను ఏ ఆధారాలతో రాస్తున్నాం?

తెలంగాణలో స్థానిక చరిత్ర పరిశోధనకు గౌరవప్రదమైన సంప్రదాయమే ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించాక ఆయన పేరిట హైదరాబాదులో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రకటించింది. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కరువైన రోజుల్లో అది సాహసమే. నేడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటి సంస్థలు, ఏ ప్రభుత్వ జీతమూ లేని ఉపాధ్యాయులూ ఉత్సాహవంతులైన యువకులూ కలిసి, ఆ పనిని ఊరూరికీ తీసుకెళ్తున్నాయి.

వారి శ్రమను తక్కువ చేయకుండానే ఒక మాట చెప్పుకోవాలి. శాసనానికి ఒక కులస్వభావం ఉంది. భూమి దానం చేయగలిగినవాడి పేరు రాతికెక్కుతుంది. దానం పుచ్చుకున్నవాడి గోత్రం రాతికెక్కుతుంది. చెరువు తవ్వించినవాడు శాసనంలో ఉంటాడు, చెరువు తవ్వినవాడు ఉండడు. భూమీ అక్షరమూ రెండూ నిషిద్ధమైన మనుషులు తమ గురించి రాతి మీద ఏం చెక్కించుకోగలరు? కాబట్టి శాసనం మాత్రమే చరిత్ర అన్నప్పుడు, గతంలో దానం చేయగలిగిన స్థోమత ఉన్నవారికి మాత్రమే నేడు గతం ఉందని ఒప్పుకున్నట్టవుతుంది.

మరి వాడకు ఆధారాలు లేవా? ఉన్నాయి. వాటిని ఆధారాలుగా గుర్తించే చూపు కొరవడింది. తెలంగాణలో దాదాపు ప్రతి శ్రామిక కులానికీ దాని పురాణం చెప్పే ఆశ్రిత కులం ఉంది. మాదిగలకు జాంబపురాణం చెప్పే చిందు, డక్కలి కళాకారులు, చాకలివారికి మడేలు పురాణం చెప్పే గంజికూటివారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు ఉన్నారు. పటం విప్పి, రాత్రంతా గానం చేసి, దాత కులపు పుట్టుకనూ వృత్తినీ అవమానాన్నీ ఆత్మగౌరవాన్నీ తరం నుంచి తరానికి అందించిన సంచార గ్రంథాలయాలు వీరు. బోధన్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ యక్షగానంలో ఆడవేషమూ మగవేషమూ కట్టి పేరు తెచ్చుకున్నారు. 2005లో ఆమె కన్నుమూశారు. అటువంటి కళాకారిణి పోయినప్పుడు ఎన్ని ఆటలు, ఎన్ని పాఠాంతరాలు ఆమెతోపాటు పోయాయో ఏ పురావస్తు రిజిస్టరూ చెప్పదు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు వాద్యాలనూ పటాలనూ ఏళ్ల తరబడి సేకరించకపోయి ఉంటే, మిగిలినవి కూడా పాతసామాను దుకాణాలకు చేరేవే.

మన ప్రాంతపు మరో చరిత్ర ఇంకా కటువైనది. ఉమ్మడి నిజామాబాదు జిల్లా జోగినీ దురాచారానికి పేరుమోసిన ప్రాంతాల్లో ఒకటి. దేవుడికి అంకితం పేరిట ఊరి మగవాళ్లకు అప్పగించబడిన ఆ ఆడపిల్లల్లో అత్యధికులు దళితులు. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం ఈ జిల్లాకు వచ్చి వారి మధ్య పనిచేశారు. వర్నిలో 'చెల్లి నిలయం' వెలిసింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆలయాల స్థలపురాణాలు పుస్తకాలుగా అచ్చవుతూనే ఉన్నాయి. ఆచారం పేరిట బతుకులు పోగొట్టుకున్న స్త్రీల మాట ఏ స్థలపురాణంలో ఉంది? వారిలో చాలామంది వృద్ధులయ్యారు. వారు ఇష్టపడి చెప్పదలచిన మాటను నమోదు చేయడానికి మిగిలిన సమయం తక్కువ.

రాతపూర్వక ఆధారాలే కావాలనే వారికి అవీ ఉన్నాయి. సేత్వార్లు, 1954-55 నాటి కాస్రా పహాణీలు, ఇనాం దస్త్రాలు చదవండి. ఊరికి చాకిరీ చేసిన నీరడి, సుంకరి, తలారులకు సేవకు బదులుగా దక్కిన తుండు భూములు ఎన్ని, అవి తర్వాత ఎవరి పేర్ల మీదికి మారాయి అన్నది ఒక ఊరి కులచరిత్ర మొత్తాన్ని చెబుతుంది. 1955 నాటి ఇనాంల రద్దు చట్టం ఊరిలో నిజంగా ఎవరికి మేలు చేసిందో తేల్చడానికి ఒక డిగ్రీ విద్యార్థికి ఒక వేసవి చాలు.

దోమకొండ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు లభించింది. కట్టడం నిలవడం మంచిదే. కూలిన గోడ ఎవరి కథా చెప్పదు. అయితే తెలంగాణలో గడి అనేది ఒక భవనం మాత్రమే కాదని ఈ నేల మీద పుట్టిన ఎవరికైనా తెలుసు. నీళ్లు మోసే, గడ్డి కోసే, కబురు మోసే కులాల వెట్టి మీద ఆ వ్యవస్థ నిలిచింది. ఏ గడిని పరిరక్షించినా, దాని గచ్చు గొప్పతనం చెప్పే పలక పక్కనే ఆ వెట్టి గురించి చెప్పే పలక కూడా ఉండాలి.

"పాత గాయాలు రేపడం ఎందుకు?" అని అడిగేవారు ఉంటారు. అమెరికాలోనూ ఇదే అడిగారు. అక్కడ ప్రతి కౌంటీకీ ఒక చరిత్ర సంఘం ఉండటం మామూలే. అయినా నల్లజాతివారిని మూకలు చంపిన చోట్ల చాలావరకు గుర్తులు ఉండేవి కావు. 2018లో మాంట్‌గోమరీలో తెరుచుకున్న స్మారకంలో 800కు పైగా ఉక్కు స్తంభాలు వేలాడుతాయి, ఒక్కో కౌంటీకి ఒక్కొక్కటి, హతుల పేర్లతో. అంత దూరం పోనక్కరలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో హతులైన దళితులను ఊరి నడుమనే ఖననం చేసి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. 2014లో హైకోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. అయినా ఆ సమాధులు ఊరిలో సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి.

ఇక్కడ మనవారికీ ఒక హెచ్చరిక అవసరం. చరిత్ర దక్కని కులాలు చరిత్ర రాసుకునేటప్పుడు తమ పూర్వీకులను రాజులుగా, సేనానులుగా నిరూపించుకోవాలనే తహతహ పెరుగుతోంది. ఇది గడి కొలమానాన్నే అరువు తెచ్చుకోవడం. తోలును చెప్పుగా మార్చిన లంద, ఊరి బట్టలుతికిన చాకిరేవు, కల్లు గీసిన మోకు రాజ్యాల కంటే తక్కువ వారసత్వం కావు. పైగా మాదిగవాడ చరిత్రలో డక్కలివారి గుడిసె ఎక్కడుందో కూడా మనం రాయగలగాలి. అంతరం మన లోపల కూడా ఉంది.

కాబట్టి రామారెడ్డి వంటి మండలంలో చరిత్ర సంఘం ఏర్పడితే అందులో దళిత, బహుజన, సంచార కులాల స్త్రీ పురుషులు పేరుకు కాకుండా నిర్ణయాలు చేసే స్థానంలో ఉండాలి. కథ చెప్పినవారి పేరు, ఊరు, కులం వారి అనుమతితో నమోదు కావాలి. సేకరించిన ప్రతి ప్రతీ హైదరాబాదు చేరే ముందు మండల గ్రంథాలయంలో ఉండాలి. పటాలూ డప్పులూ కొని అద్దాల పెట్టెల్లో పెట్టే ముందు, వాటిని వాయించే మనిషికి బతుకుతెరువు చూపాలి.

'మన ఊరు' అని శీర్షిక పెట్టే విద్యార్థులు సర్పంచి ఇంటికీ గుడి పూజారి ఇంటికీ వెళ్లి రావడంతో పని ముగించవద్దు. మొదటి రోజు వాడకు వెళ్లి, ఊరు ఎలా పుట్టిందో అక్కడి ముసలామెను అడగండి. మిగతా ఇళ్లలో ఏం అడగాలో ఆమె జవాబే మీకు చెబుతుంది.