బల్ల మధ్య నిప్పులు, బల్ల పైన గొట్టం

పిల్లలూ! హోటల్లో పొయ్యి ఎక్కడ ఉంటుంది? వంటింట్లో ఉంటుంది, అంటారు మీరు. మన నస్పూర్‌లో అయినా, మంచిర్యాలలో అయినా అంతే. వంటవాడు లోపల చెమటలు కక్కుతూ వండుతాడు, మనం బయట బల్ల ముందు కూర్చుని తింటాం. అలా కాకుండా పొయ్యే లేచి వచ్చి మన కంచం పక్కన కూర్చుంటే? అలాంటి హోటల్ ఒకటి నేను చూశాను. అక్కడి భోజనం బాగానే ఉంది. కాని ఆ పొయ్యి నేర్పిన పాఠం భోజనం కన్నా విలువైనది. బొగ్గుగనుల ఊళ్ళలో పెరిగే మీకు ఆ పాఠం మరీ అవసరం.

పెనుకొండలో కొరియా భోజనం

మ్యాపు తీసి శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ ఎక్కడుందో చూడండి. ఒకప్పుడు విజయనగర రాజులకు రెండో రాజధాని అది. దాని పక్కనే ఎర్రమంచి అనే ఊరి దగ్గర దక్షిణ కొరియాకు చెందిన కియా కంపెనీ కార్ల కర్మాగారం పెట్టింది. 2019 నుండి అక్కడ కార్లు తయారవుతున్నాయి. కర్మాగారంతో పాటు కొరియా ఇంజనీర్లూ వచ్చారు. మనిషి ఏ దేశం పోయినా నాలుక వెంటే పోతుంది కదా! దుబాయి పోయే మనవాళ్ళు ఆవకాయ సీసా మూట కట్టుకుపోరూ? అలాగే వాళ్ళ వెంట వాళ్ళ వంటలూ వచ్చాయి. ఆ చుట్టుపక్కల చిన్న చిన్న కొరియా హోటళ్ళు వెలిశాయి.

నా పాత విద్యార్థి ఒకడు ఆ కర్మాగారంలో పని చేస్తున్నాడు. శ్రీరాంపూర్ ఏరియాలో గని కార్మికుడి కొడుకు. సెలవుల్లో నేను అటు వెళితే, "సార్, ఈ పూట నా లెక్క" అంటూ అలాంటి హోటల్‌కు తీసుకుపోయాడు.

చిన్న గది. ఏడెనిమిది బల్లలు. యూనిఫారం విప్పకుండానే వచ్చిన కొరియావాళ్ళూ, మన కుర్రాళ్ళూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. అడగకుండానే బల్ల నిండా చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. ఒకదాంట్లో మొలకలు, ఒకదాంట్లో ఆకుకూర, ఒకదాంట్లో ముల్లంగి, ఒకదాంట్లో ఎర్రగా మెరుస్తూ కిమ్చి. తాగడానికి వేయించిన బార్లీ గింజలు కాచిన నీళ్ళు. తినడానికి రెండు స్టీలు పుల్లలు, ఒక పొడుగు చెంచా. ఆ పుల్లలతో నేను పడ్డ పాట్లు ఇక్కడ రాయను. నాలుగు మెతుకులు నోట్లోకి పోతే నలభై బల్ల మీద పడ్డాయి.

బల్ల మధ్యలో గుండ్రని కన్నం ఉంది. అందులో ఇనుప గిన్నె దించి, నిండా కట్టెబొగ్గు నిప్పులు పోశారు. పైన జల్లెడ లాంటి ఇనుప వల. దాని మీద కోడి ముక్కలు చుయ్‌మంటూ కాలుతున్నాయి. సరిగ్గా ఆ నిప్పుల నెత్తిన, పైకప్పు నుండి ఒక రేకు గొట్టం దిగి ఉంది. దాని మూతి గరాటులా వెడల్పుగా ఉంది. లోపల ఫ్యాను గుయ్‌మంటోంది.

"నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. పొగ పెద్దగా లేదు. ఇంత గొట్టం ఎందుకురా?" అని వాణ్ణి పరీక్షించాను.

వాడు నవ్వాడు. "సార్, మా బాపు గన్లకు దిగేటప్పుడు నడుముకు ఒక డబ్బా కట్టుకుంటడు, యాదికున్నదా? అదెందుకో, ఇదీ అందుకే."

నూటికి నూరు మార్కులు! వాడి జవాబేమిటో తెలియాలంటే ముందు కిమ్చి గిన్నెలోకి చూడాలి.

బుడగలోని అన్న, నిప్పులోని తమ్ముడు

క్యాబేజీ జాతి ఆకులకు ఉప్పు పట్టిస్తే ద్రవాభిసరణం వల్ల వాటిలోని నీరు బయటికి వస్తుంది. అందులో మిరప్పొడి, వెల్లుల్లి, అల్లం కలిపి జాడీలో అదిమి పెడితే కిమ్చి. మన ఆవకాయలో లాగా పైన నూనె ఉండదు. ఉప్పును తట్టుకోగల లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా అక్కడ పెరిగి ఆకుల్లోని చక్కెరను పులియబెడతాయి. మన పెరుగును తోడుపెట్టేదీ ఆ జాతివే. పులిసే కొద్దీ చిన్న చిన్న బుడగలు పైకి వస్తాయి. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. పాత పుస్తకాల్లో దీన్నే బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఒక కార్బన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు. మనం ప్రతిసారీ ఊపిరి వదిలేటప్పుడు బయటికి పంపేది కూడా ఇదే.

ఇప్పుడు నిప్పుల దగ్గరికి రండి. గాలి బాగా తగిలే అడుగు భాగంలో బొగ్గు మండి ఇదే కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అది పైకి పోవాలంటే ఎర్రగా కాలుతున్న బొగ్గుల మధ్య నుండి దారి చేసుకోవాలి. అక్కడ వేడి ఎక్కువ, గాలి తక్కువ. కాలుతున్న కార్బన్ దాని నుండి ఒక ఆక్సిజన్ పరమాణువును లాక్కుంటుంది. అప్పుడు ఒక కార్బన్‌కు ఒకే ఆక్సిజన్ మిగులుతుంది. అదే కార్బన్ మోనాక్సైడ్.

కుంపట్లో ఎర్రని నిప్పుల మీద నీలి మంటలు నాట్యం చేయడం మీరు చూసే ఉంటారు. అది కార్బన్ మోనాక్సైడ్ పైన గాలి దొరికి మళ్ళీ మండడమే. ఆ మంట కూడా లేదనుకోండి, మండకుండా మిగిలిన వాయువు గదిలోకి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముక్కు పసిగట్టలేదు, కన్ను చూడలేదు. గాలితో దాదాపు సమానమైన బరువు కాబట్టి నేల మీద పడి ఉండదు, పైకీ పోదు. గదంతా కలిసిపోతుంది.

ఇరవై రెండు కన్నాల బొగ్గు

ఈ వాయువు గురించి కొరియావాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదేమో! 1950-53 యుద్ధం ముగిసేసరికి ఆ దేశపు కొండలు బోడిగా మిగిలాయి. వంటచెరకు లేదు. చలికాలం చూస్తే నీళ్ళు గడ్డకట్టే చలి. కాని వాళ్ళకు మనలాగే బొగ్గుగనులు ఉన్నాయి. వాళ్ళది ఎక్కువగా ఆంత్రసైట్ రకం. ఆ బొగ్గు పొడిని అచ్చుల్లో పోసి పొట్టి స్తంభాల్లాంటి దిమ్మలు చేశారు. గాలి ఆడడానికి నిలువునా కన్నాలు పెట్టారు. దీని పేరు యోన్‌తాన్. బాగా వాడుకలోకి వచ్చిన రకానికి 22 కన్నాలు, బరువు దాదాపు 3.6 కిలోలు. 1960 నుండి 1980 దశకాల దాకా కొరియా పట్టణాల్లో ఇంటింటా వంటకు, వేడికి ఇదే ఆధారం. జనం అడవిని నరకడం తగ్గించడానికీ, కొండలు మళ్ళీ పచ్చబడడానికీ ఇది కొంత సాయం చేసింది.

అయితే మేలు వెంటే కీడూ వచ్చింది. కొరియా ఇళ్ళలో ఓందోల్ అనే పద్ధతి ఉంది. పొయ్యిలోని వేడి పొగను నేల కింది కాలువల గుండా పంపి గచ్చును వెచ్చబెడతారు. ఆ గచ్చు మీదే పరుపులు వేసుకుని పడుకుంటారు. రాత్రి బొగ్గు త్వరగా అయిపోకుండా గాలి కన్నం కాస్త మూసేవారు. గాలి తగ్గితే ఏం పెరుగుతుందో మీకిప్పుడు తెలుసు. గచ్చులో వెంట్రుకవాసి పగులున్నా చాలు, ఆ వాయువు పడుకున్నవాళ్ళ దగ్గరికి వచ్చేది. అలా ఆ దశాబ్దాల్లో వేలమంది నిద్రలోనే పోయారు.

స్పృహ తప్పినవాళ్ళకు దోంగ్‌చిమి అనే ముల్లంగి కిమ్చి పులుసునీళ్ళు తాగించేవారు. అది విషానికి విరుగుడని వాళ్ళ నమ్మకం. కాని విషం ఉన్నది కడుపులో కాదు, రక్తంలో. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ప్రాణం నిలిపింది పులుసు కాదు, తెరిచిన తలుపు, ఆసుపత్రిలో ఇచ్చిన ఆక్సిజన్. తర్వాత నేల కింద పొగ బదులు వేడినీటి గొట్టాలు వచ్చాయి. 1986లో ద్రవీకృత సహజవాయువు దిగుమతి మొదలైంది. ఇళ్ళల్లో యోన్‌తాన్ తగ్గిపోయింది. కొరియా ప్రభుత్వ బొగ్గుగనుల్లో చివరిది 2025లో మూతపడింది. అయినా బల్ల మధ్య నిప్పులు పెట్టుకుని తినే అలవాటు వాళ్ళను వదలలేదు. కాకపోతే నిప్పుల నెత్తిన గొట్టం చేరింది. మా నెత్తిన గుయ్‌మన్నది అదే.

రక్తంలో దూరే దొంగ

మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్‌ను ఎక్కించుకుని ఒళ్ళంతా పంచే బండి లాంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఆ బండిలో ఆక్సిజన్ కూర్చునే చోటనే కూర్చుంటుంది. పైగా ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బళ్ళు తిరుగుతూనే ఉంటాయి, సరుకు మాత్రం చేరదు.

మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చేట్టు ఉండడం. జలుబు చేసిందేమో అనుకుంటాం. ఆ తర్వాత కాళ్ళు పట్టు తప్పుతాయి. తలుపు తీయాలని తెలిసినా లేవలేం. కరోనా కాలంలో చాలామంది కొనుక్కున్న పల్స్ ఆక్సీమీటరు వేలికి పెట్టి చూసినా అది మోసపోతుంది. ఈ వాయువు ఎక్కిన రక్తాన్ని ఆక్సిజన్ ఎక్కిన రక్తమే అనుకుని మంచి అంకె చూపిస్తుంది. బయటి గాలి పీలిస్తే రక్తంలోని వాయువు సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర చాలు.

సోకింది ఏ గాలి?

నా చిన్నతనంలో మా వాడలో ఒక బాలింత ఉండేది. పుష్యమాసం చలి. బిడ్డకు వెచ్చగా ఉంటుందని మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు. "పొగంతా పోయింది, ఇక నిప్పులే, భయం లేదు" అన్నారు. తెల్లవారుజామున అమ్మమ్మ తలుపు నెట్టి చూస్తే తల్లీ బిడ్డా లేవలేదు. తల్లి బతికింది. బిడ్డ బతకలేదు. "గాలి సోకింది" అన్నారు పెద్దలు.

చాలా ఏళ్ళ తర్వాత రసాయనశాస్త్రం చదువుతూ ఉలిక్కిపడ్డాను. సోకింది నిజంగా గాలే! కాని మంత్రగాడు కట్టగలిగే గాలి కాదు. కిటికీ కడితే వచ్చేది, కిటికీ తెరిస్తే పోయేది.

మన సింగరేణి బొగ్గు ఆంత్రసైట్ కాదు. అంటించగానే నల్లగా పొగ వస్తుంది, కళ్ళు మండుతాయి, మనం బయటికి పరుగెత్తుతాం. ఆ పొగే మనకు హెచ్చరిక. పొగ పోయి నిప్పులు కణకణలాడగానే హెచ్చరిక ఆగిపోతుంది. ప్రమాదం ఆగదు. మనవాళ్ళు కుంపటిని లోపలికి తెచ్చేది సరిగ్గా అప్పుడే! అందుచేత ఈ మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి. మూసిన గదిలో బొగ్గు గాని, కట్టెబొగ్గు గాని, పిడకలు గాని కాల్చకూడదు. నిప్పుల కుంపటితో నిద్రపోకూడదు. ఎవరైనా అలాంటి గదిలో పడిపోతే వెంటనే తలుపులూ కిటికీలూ తెరిచి, వాళ్ళను ఆరుబయటికి చేర్చి, 108కు ఫోను చేయాలి. నోట్లో ఏమీ పోయకూడదు. లోపలికి వెళ్ళినవాళ్ళు కూడా అక్కడే నిలబడిపోకూడదు.

ఇక డబ్బా సంగతి. గనిలో నిప్పు అంటుకున్నా, పేలుడు జరిగినా పుట్టే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అందుకే కార్మికుడి నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటుంది. ఒక రకం డబ్బాలో మాంగనీస్ డయాక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కలిసిన మిశ్రమం ఉంటుంది. అది తమ్ముణ్ణి అన్నగా, అంటే కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. అప్పుడు పీల్చే గాలి వేడెక్కుతుంది కూడా. ఇంకో రకం డబ్బా ఆక్సిజన్‌ను తానే ఇస్తుంది. మీ నాన్న గాని, బాబాయి గాని గనిలో పని చేస్తుంటే ఆయన డబ్బా ఏ రకమో ఈ ఆదివారం అడగండి. ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకుని, మీ సైన్సు టీచరుకు చూపించండి.

తర్వాత మీరొక మాట ఆయనకు చెప్పండి: "నాన్నా, గనిలో నీకు డబ్బా ఉంది. చలికాలంలో మన ఇంటికి కిటికీయే డబ్బా. దాన్ని మూయవద్దు."